స్కీ మీద పాదం ఎక్కడ నిలవాలి? బైండింగు స్థానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ శనివారాల్లో స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ అనే స్కీ కొండలకు వెళ్ళే తెలుగువాళ్ళం కొందరం ఉన్నాం. అందరం ముప్ఫై దాటాకే మంచు మీద కాలు పెట్టినవాళ్ళం. కొండ ఎక్కించే లిఫ్టులో పక్కన కూర్చున్నవారు నన్ను అడిగిన ప్రశ్నలూ, నేను ఒకప్పుడు ఇతరులను అడిగి విసిగించిన ప్రశ్నలూ ఇక్కడ కలిపి రాశాను. ఇందులో ఎక్కువ భాగం కొండ మీది నుంచి దిగే స్కీల గురించే.

బైండింగు స్థానం అంటే సరిగ్గా దేని గురించి మాట్లాడుతున్నాం?

బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే యంత్రమే బైండింగు. వేళ్ళ దగ్గర ఒక ముక్క, మడమ దగ్గర ఒక ముక్క ఉంటాయి, స్కీకి రంధ్రాలు వేసి మరలతో వీటిని బిగిస్తారు. ఈ రెండూ కలిసి స్కీ పొడవులో ఎక్కడ కూర్చున్నాయన్నదే ఇక్కడి విషయం. ఎడమకో కుడికో జరపడం అంటూ ఏమీ లేదు, అది ఎప్పుడూ స్కీ నడిమధ్యలోనే ఉంటుంది. ముందుకా, వెనక్కా అన్నదే లెక్క.

ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే నిజంగా తెలుస్తుందా? ఇదంతా దుకాణం వాళ్ళ మాటలేనా?

నేనూ మొదట అలాగే అనుకున్నాను. లెక్క చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. 170 సెంటీమీటర్ల స్కీ తీసుకోండి, దానికి సగం 85. బూటు మధ్యభాగం ఆ సగానికి 10 సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే మీ ముందు 95, వెనక 75 సెంటీమీటర్ల స్కీ ఉంటుంది. రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపితే అది 93, 77 అవుతుంది. చూడడానికి ఏమంత తేడా లేదు.

కానీ ఎద్దుల బండి తోలినవారిని అడగండి. ధాన్యం బస్తాలు ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. ఇరుసు కదలలేదు, మొత్తం బరువు మారలేదు. రెండు బస్తాలు జానెడు జరిగాయి, అంతే, బండి నడక మారిపోయింది. స్కీలో ఇరుసు లాంటిది దాని నడుము, అంటే అన్నిటికన్నా సన్నగా ఉండే చోటు. స్కీ ఎక్కడ ఎంత వంగాలి, అంచు ఎక్కడ మొదట మంచును పట్టాలి అన్నది తయారుచేసేవారు మనిషి ఫలానా చోట నిలబడతాడన్న అంచనాతోనే నిర్ణయిస్తారు. బూటు కింది భాగం గట్టిగా ఉంటుంది కనుక అది నిలిచిన చోట స్కీ కొంచెం తక్కువ వంగుతుంది. పాదం జరిగితే బరువూ జరుగుతుంది, ఆ గట్టి భాగమూ జరుగుతుంది. అందుకే అలవాటైన స్కీ మీద సెంటీమీటరు మార్పును చాలామంది గుర్తుపడతారు. పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, కానీ "ఇవాళ స్కీ ఎందుకో వేరుగా ఉంది" అంటారు.

స్కీ మీద కనిపించే అడ్డగీత దేనికి?

తయారీదారు సిఫారసు చేసిన స్థానం అదే. స్కీ పైముఖం మీదో, పక్క గోడ మీదో సన్నగా ఉంటుంది. కొన్నిటి మీద మూడు నాలుగు గీతలు కూడా కనిపిస్తాయి. బూటు అట్ట, అంటే అడుగు భాగం, పక్కన కూడా ఒక చిన్న గీతో, బాణం గుర్తో ఉంటుంది, అది అట్ట పొడవుకు సరిగ్గా సగం. ఆ రెండు గీతలూ ఒకదాని ఎదురుగా ఒకటి రావాలి. గీత మీద బిగించడం అంటే అంతే. అట్ట పొడవు మిల్లీమీటర్లలో బూటు మడమ పక్కనే చెక్కి ఉంటుంది, 305 అనో 315 అనో. ఇది మీ చెప్పుల సైజు కాదు, కంగారు పడకండి.

పూర్వం లెక్క వేరు. స్కీ పొడవులో సగం దగ్గరకు బూటు ముందు కొస వచ్చేలా బిగించేవారు. స్కీలు సన్నగా, పొడుగ్గా, దాదాపు తిన్నగా ఉన్న కాలంలో అది సరిపోయింది. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ కొనలు వెడల్పుగా, నడుము సన్నగా ఉన్న ఎస్‌సీఎక్స్ స్కీని తెచ్చింది. ఆ తర్వాత స్కీల ఆకారాలు రకరకాలుగా విడిపోయాయి. ఇప్పుడు గీత ఎక్కడుందన్నదాన్ని బట్టే స్కీ స్వభావం సగం తెలిసిపోతుంది. చదును చేసిన వాలు మీద అంచుతో కోసుకుంటూ దిగే స్కీలకు గీత సుమారుగా సగానికి 10 నుంచి 12 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. అన్ని రకాల మంచుకూ పనికొచ్చేవాటికి 6 నుంచి 10. గెంతులు, గింగిరాలు వేసేవారి స్కీలకు సగం మీదే, లేదా ఒకటి రెండు వేళ్ళ వెనక. వాళ్ళు వెనక్కి తిరిగి కూడా దిగుతారు కనుక ముక్కూ తోకా, అంటే స్కీ ముందు భాగమూ వెనక భాగమూ, దాదాపు సమానంగా ఉండాలి.

బైండింగు ముందుకు జరిపితే మలుపు ఎలా మారుతుంది?

మలుపు త్వరగా మొదలవుతుంది. మునిపాదం, అంటే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండి బరువు మోసే చోటు, స్కీ ముక్కుకు దగ్గరవుతుంది. మోకాలు కాస్త ముందుకు వంచగానే ముక్కు దగ్గరి అంచు మంచును పట్టుకుంటుంది. పాదాల కింద స్కీని గుండ్రంగా తిప్పడమూ తేలికవుతుంది, ఎందుకంటే ముందు ఊగే పొడవు తగ్గింది. చెట్ల మధ్య, మిట్టల మధ్య తిరిగేవారు దీన్ని ఇష్టపడతారు.

నష్టం కూడా ఉంది. ముక్కు మరీ ఆత్రంగా పట్టుకుంటుంది. వేగంగా పోతున్నప్పుడు మీరు అడగకుండానే స్కీ మలుపులోకి లాగుతున్నట్టు ఉంటుంది. గట్టి మంచు మీద మలుపు ముగిసే సమయానికి తోక మీద చాలినంత బరువు లేక అది పక్కకు జారుతుంది. లోతైన పొడి మంచులో ముక్కు మునుగుతుంది. అది మునిగిందంటే మీరు దాని మీదుగా ముందుకు పల్టీ కొట్టడమే తరువాయి.

వెనక్కి జరిపితే?

ముక్కు తేలుతుంది, వేగంలో స్కీ నిలకడగా ఉంటుంది, పెద్ద మలుపుల్లో తోక బలంగా ఆనుతుంది. బదులుగా మలుపు మొదలుపెట్టడానికి ఎక్కువ శ్రమపడాలి. శరీరాన్ని గట్టిగా ముందుకు తెస్తే గాని ముక్కు మాట వినదు. భయంతో వెనక్కి ఒరిగే అలవాటున్న కొత్తవారికి ఇది శాపమే. వారు ఒరుగుతారు, ముక్కు తేలిపోతుంది, స్కీ నేరుగా వాలు కిందికి పరుగు తీస్తుంది. అది చూసి ఇంకా ఒరుగుతారు.

నా బరువు ఎప్పుడూ వెనక్కే పోతోంది, తొడలు మండిపోతున్నాయి. బైండింగు ముందుకు జరిపితే బాగుపడుతుందా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు నా జవాబు: ఇప్పుడే జరపకండి. ముందు బూటు చూడండి. బూటు వదులుగా ఉంటే పాదం లోపల జారుతుంది, మడమ లేస్తుంది. దాన్ని సరిచేసుకోవడానికి శరీరం వెనక్కి కూర్చుంటుంది. కొత్తవారిలో అత్యధికులు అవసరమైనదానికన్నా పెద్ద బూట్లు వేసుకుంటారు, ఎందుకంటే దుకాణంలో అవే హాయిగా అనిపిస్తాయి. బూటు మరీ గట్టిదైతే మరో తంటా, చీలమండ వంగదు, మోకాలు ముందుకు రాదు, నడుము వెనక్కి పోతుంది. చీలమండ పెద్దగా వంగని శరీరతత్వం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, వారికి మడమ కింద చిన్న మెత్త పెడితే చాలు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా మలుపు మొదలవడానికి రోజూ కుస్తీ పడుతుంటే అప్పుడు సెంటీమీటరు గురించి ఆలోచించండి. బైండింగును జరిపితే బరువు పడే చోటు మారుతుంది గాని భయం మారదు. వెనక్కి ఒరిగేవారు ముందుకు జరిపిన స్కీ మీద కూడా ఒరుగుతూనే ఉంటారు.

పాదాలు చిన్నవైతే లెక్క మారుతుందా? ఆడవాళ్ళ స్కీలకు గీత ముందుకు ఉంటుందని విన్నాను.

మారుతుంది, కారణం కూడా సరళమైనదే. గీతలు కలిపేది అట్ట సగాన్ని చూసి. కానీ మనం నిజంగా బరువు మోపేది మునిపాదం మీద. పెద్ద పాదంలో మునిపాదం అట్ట సగానికి బాగా ముందు ఉంటుంది, చిన్న పాదంలో సగానికి దగ్గరగా ఉంటుంది. అంటే ఒకే స్కీ మీద, ఒకే గీత మీద నిలబడినా పెద్ద పాదాలవారి బరువు ముందుగానూ, చిన్న పాదాలవారి బరువు వెనకగానూ పడుతుంది. అందుకని కొందరు సాంకేతిక నిపుణులు అట్ట సగాన్ని పక్కనబెట్టి, స్కీలో మంచును తాకే భాగపు మధ్యబిందువు మీదికి మునిపాదం వచ్చేలా బిగిస్తారు. ఆడవాళ్ళ కోసం చేసిన చాలా స్కీల్లో గీత కొద్దిగా ముందుకు ఉండటానికి ఇదొక కారణం, శరీరంలో బరువు పంపిణీ మరొకటి. మా ఇంట్లో మా ఆవిడ బూటు అట్ట 265 మి.మీ., నాది 315. ఒకసారి నా స్కీలకు ఆమె బూటు సరిపోయేలా మార్చి ఇచ్చాను. గీత మీదే ఉంది, అయినా ఆమె రెండు మలుపులు తిరిగి, "ఇది నన్ను ఎక్కడికో తీసుకుపోతోంది, నేను దాన్ని తీసుకుపోవడం లేదు" అంది.

స్కీలు కొనకుండా, రంధ్రాలు పెట్టకుండా పరీక్షించే దారి ఉందా?

ఉంది, అదీ చవకైనది. అద్దెకిచ్చే స్కీల మీద బైండింగు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, రకరకాల బూట్లకు సరిపోవాలి కదా. ముందు ముక్క పక్కన, వెనక ముక్క పక్కన అట్ట పొడవు సంఖ్యలు వరసగా ఉంటాయి. మీ అట్ట 305 అయితే మామూలుగా రెండింటినీ 305 దగ్గర పెడతారు. ఇప్పుడు ముందు ముక్కను 315 దగ్గర, వెనక ముక్కను 295 దగ్గర పెట్టమనండి. రెండింటి మధ్య దూరం మారదు, బూటు మాత్రం ఐదు మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. 325, 285 అంటే సెంటీమీటరు. వెనక్కి కావాలంటే దీనికి తలకిందులు. ఇది రెండు వైపులా సమానంగా అంకెలు వేసిన రకానికే వర్తిస్తుంది. సర్దుబాటు దుకాణం మనిషి చేతే చేయించండి, బూటు పెట్టాక మడమ ముక్క సరిగ్గా నొక్కుతోందో లేదో కూడా ఆయనే చూడాలి.

పరీక్షించే రోజు ఒకే వాలును ఎంచుకోండి. మొదట గీత మీద రెండుసార్లు, తర్వాత సెంటీమీటరు ముందు రెండుసార్లు, తర్వాత వెనక రెండుసార్లు దిగండి. మధ్యాహ్నానికి మంచు మెత్తబడుతుంది, అప్పుడు పోల్చడం దండగ. ఏ స్థానంలో ఉందో స్నేహితుడికి తెలిసి మీకు తెలియకపోతే ఇంకా మేలు. నేను అలా చేసినప్పుడు "ఇదే బాగుంది" అన్నది గీత మీద ఉన్నదాన్నే, నాకు మాత్రం అది ముందుకు జరిపినదనిపించింది.

పాత స్కీలు కొన్నాను. బైండింగు సరైన చోట ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట పాత సామాను అమ్మే చోట 172 సెంటీమీటర్ల జత ఒకటి చవగ్గా దొరికింది. చదును చేసిన వాలు మీద చక్కగా తిరిగేవి, మురిసిపోయాను. కొత్త మంచు మోకాలి లోతు పడిన రోజున మూడు మలుపులకు ఒకసారి ముక్కు మునిగి పల్టీ కొట్టాను. తప్పు నాదే అనుకుని రెండు పాఠాలు కూడా చెప్పించుకున్నాను. వెనక్కి ఒరిగి దిగడం అలవాటు చేసుకున్నాను, తొడలు వణికేవి.

ఒక రాత్రి ఇంట్లో తివాచీ మీద స్కీ పరచి, బూటు బిగించి, దర్జీ టేపు తీసుకుని కూర్చున్నాను. బూటు మీది గీత స్కీ మీది గీతకు రెండున్నర సెంటీమీటర్లు ముందు ఉంది. బైండింగు వెనక్కి వంగి చూస్తే పాత రంధ్రాలను మూసిన నల్లటి ప్లాస్టిక్ బిరడాలు, పప్పుగింజంత, వరసగా కనిపించాయి. ముందటి యజమాని గెంతులు వేసేవాడై ఉంటాడు, తనకు కావలసినట్టు ముందుకు జరిపించుకున్నాడు. అమ్మినవాళ్ళు ఆ ముక్క చెప్పలేదు, నేను అడగలేదు.

కనుక కొనేముందే చూడండి. బూటు పెట్టి గీతలు కలుస్తున్నాయా? బిరడాలు ఉన్నాయా? బిరడాలుంటే ఎన్ని జతల రంధ్రాలు? రెండుసార్లకు మించి బిగించిన స్కీని నేనైతే ముట్టుకోను.

ఐదు మిల్లీమీటర్లు జరపాలంటే దుకాణంలో కుదరదన్నారు. ఎందుకు?

పాత రంధ్రం పక్కనే కొత్త రంధ్రం పడుతుంది కాబట్టి. రెండు రంధ్రాల మధ్య కనీసం సెంటీమీటరు ఎడం ఉండాలన్నది దుకాణాల్లో పాటించే లెక్క. దగ్గరైతే మధ్యలోని చెక్క చిట్లి మర ఊడివస్తుంది, అది మీరు కొండ మీద ఉన్నప్పుడే ఊడివస్తుంది. స్కీ మీద ఏ బరమా వాడాలో రాసి ఉంటుంది. సాధారణంగా లోహపు పొర లేని స్కీకి 3.6 మి.మీ., ఉన్నదానికి 4.1 మి.మీ. లోతు తొమ్మిది మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంతకు మించి దిగితే అడుగు వైపు బొడిపె లేస్తుంది. పాత రంధ్రంలో జిగురు పోసి బిరడా కొట్టకపోతే నీళ్ళు దిగి లోపలి చెక్క ఉబ్బుతుంది. ఇంట్లో బరమా ఉన్నంత మాత్రాన మొదలుపెట్టకండి. బైండింగు కంపెనీలు చేసే అచ్చు పలక లేకుండా నాలుగు రంధ్రాలు సరిగ్గా వేయడం వడ్రంగి చేయి ఉన్నవారికి కూడా కష్టమే.

నా 172లకు చివరికి అదే సమస్య వచ్చింది. గీత మీది రంధ్రాలు బిరడాలతో నిండిపోయాయి. మెకానిక్ వాటిని నమ్మలేనని, గీతకు సెంటీమీటరు వెనక బిగించాడు. మొదట గొణిగాను. ఇప్పుడు పొడి మంచు రోజున అల్మారాలోంచి తీసేవి అవే.

ముందు వెనకలు సరే, ఎత్తు సంగతి ఏమిటి?

దీని గురించి అడిగేవారు తక్కువ, కానీ నిలకడ మీద దీని పాత్ర తక్కువేమీ కాదు. వేళ్ళ ముక్క కన్నా మడమ ముక్క కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఈ వాలు ఎక్కువైతే ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నట్టే, శరీరం ముందుకు తోసుకొస్తుంది, దాన్ని ఆపడానికి పిరుదులు వెనక్కి పోతాయి. తమకు వెనక్కి ఒరిగే జబ్బు ఉందనుకునేవారిలో కొందరికి అసలు జబ్బు ఇదే. కొండ ఎక్కడానికి వాడే తేలిక రకం పిన్ను బైండింగుల్లో ఈ తేడా సెంటీమీటరు కూడా దాటవచ్చు. మామూలు బైండింగు నుంచి వాటికి మారినవారు మొదటి రోజు తడబడటానికి ఇదొక కారణం. కొన్నిటికి వేళ్ళ ముక్క కింద పెట్టే పలకలు దొరుకుతాయి. బూటుకూ బైండింగుకూ మధ్య మాత్రం అట్టముక్క, టేపు వంటివి ఏమీ పెట్టకండి. పడినప్పుడు బూటు జారి ఊడాల్సిన చోటది.

మొత్తం ఎత్తు పెరిగితే అంచు మీదికి స్కీని ఒరిగించడానికి మీట పొడవు పెరిగినట్టు, గట్టి మంచు మీద పట్టు బాగుంటుంది. పందేల్లో అది హద్దు దాటకుండా అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఎస్ కొలత పెట్టింది. పెద్దలకు స్కీ అడుగు నుంచి బూటు ఆనే చోటు వరకు 50 మి.మీ., బూటు అట్ట మందం 43 మి.మీ. మించకూడదు. శనివారం స్కీయర్లకు ఈ గొడవ అక్కర్లేదు.

బైండింగు జరిపితే డిన్ సంఖ్య కూడా మార్చాలా?

ఆ సంఖ్య ఎంత బలానికి బైండింగు వదలాలో చెబుతుంది. బరువు, ఎత్తు, వయసు, అట్ట పొడవు, మీరు దిగే తీరు, ఈ ఐదిటి మీద ఆధారపడుతుంది. స్థానం మీద కాదు. కనుక సంఖ్య అలాగే ఉంటుంది. కానీ ముక్కలు కదిపాక మడమ ముక్క బూటును ముందుకు నెట్టే ఒత్తిడి మారి ఉండవచ్చు. అది తప్పితే సంఖ్య ఎంతున్నా అర్థం లేదు. కదిపిన ప్రతిసారీ దుకాణంలో యంత్రం మీద పరీక్ష చేయించండి. దానికి ఐఎస్‌ఓ 11088 అనే ప్రమాణం ఉంది. వయసు తక్కువ చెప్పడం, "నేను బాగా దిగుతాను" అని గొప్పలకు పోవడం మోకాలికి చేటు.

గుల్మార్గ్ వెళ్తున్నాను. అక్కడికి ఏ స్థానం మంచిది?

అక్కడి గొండోలా, అంటే రోప్‌వే, రెండో దశలో అఫర్వత్ కొండ మీద దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు చేరతారు. అక్కడ దొరికేది ప్రధానంగా చదును చేయని పొడి మంచు. వెడల్పు స్కీ తీసుకుని గీత మీదో, సెంటీమీటరు వెనకో ఉంచుకోండి, ముందుకు మాత్రం వద్దు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో చదును చేసిన వాలు మీద నేర్చుకుంటున్నవారికి గీత చాలు.

చదునైన నేల మీద నడిచే స్కీలకు కూడా ఇదే లెక్కా?

కాదు. అక్కడ మడమ స్వేచ్ఛగా లేస్తుంది. సంప్రదాయ నడక స్కీలో బైండింగు ముందుకు జరిపితే కాలితో తన్నినప్పుడు పట్టు పెరుగుతుంది, వెనక్కి జరిపితే జారుడు పెరుగుతుంది. కొన్ని కొత్త బైండింగుల్లో బూటు తీయకుండానే చిన్న చక్రం తిప్పి జరుపుకోవచ్చు. ఎక్కే దారిలో ఒకటి, దిగే దారిలో మరొకటి.

సెంటీమీటరు జరిపించాను, నాకేమీ తేడా తెలియలేదు. లోపం నాలోనా?

మెత్తటి మంచు, తక్కువ వాలు, నెమ్మది వేగం అయితే ఎవరికీ తెలియదు. గట్టి మంచు పడిన ఉదయాన కొంచెం నిటారు వాలు మీద చూడండి. అక్కడా తెలియకపోతే గీత మీదికి తెప్పించుకోండి, అమ్మేటప్పుడు కొనేవాడు టేపు తెస్తాడు.